బొక్కల మందుల్లో ఏది ఎవరికి? నల్గొండ నీళ్లు తాగిన ఒంటికి లెక్క వేరు

"స్కాన్‌ల బొక్కలు గట్టిగనే ఉన్నయన్నరు గద బిడ్డా, మరి ఎట్ల ఇరిగింది?" అని మా అమ్మ అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు. నేను ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్తాను. ఎముక నిర్మాణం ఏటా బోర్డు మీద గీస్తాను. అయినా నోట మాట రాలేదు.

అమ్మకు 69 ఏండ్లు. మర్రిగూడ దిక్కు పల్లెలో పుట్టి బాయి నీళ్లు తాగి పెరిగింది, పెండ్లయినంక ముప్పై ఏండ్లు ఫ్లోరైడ్ ఉన్న బోరింగు నీళ్లే తాగింది. మొదలు గడప తట్టుకుని పడితే మణికట్టు విరిగింది. ఏడాది తిరక్కముందే బియ్యం డబ్బా జరుపుతుంటే నడుములో కలుక్కుమంది. ఎక్స్‌రే తీస్తే ఒక వెన్నుపూస అణిగిపోయి ఉంది. బొక్కల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌లో మాత్రం వెన్ను టీ స్కోరు, అంటే పడుచువాళ్ల బొక్కలతో పోల్చి చెప్పే అంకె, ప్లస్‌లో వచ్చింది. మైనస్ 2.5, అంతకన్నా కిందికి పోతేనే గుల్లబారినట్టు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో పెట్టిన గీత. ఆ గీత ప్రకారం అమ్మ బొక్కలు దివ్యంగా ఉన్నాయి. ఒళ్లు మాత్రం రెండుసార్లు విరిగింది.

ఆ రెండింటికీ పొత్తు ఎక్కడ కుదరలేదో తెలుసుకోవడానికి నాకు ఏడాది పట్టింది. తెలిసినంక, బొక్కల మందుల్లో ఏది ఎవరికి నప్పుతుందో చూసే తీరే మారిపోయింది. మన జిల్లాల్లో ఇంకా ఎన్నో ఇండ్లలో ఇదే ప్రశ్న ఉంటుంది కాబట్టి రాస్తున్నాను. మందు రాయాల్సింది డాక్టరే. డాక్టరును ఏం అడగాలో ఇది చదివితే తెలుస్తుంది.

గట్టిగా ఉన్నట్టు కనబడే బొక్క

స్కాన్ కొలిచేది సాంద్రత, అంటే ఎంత ఖనిజం నిండి ఉందనేది. ఆ ఖనిజం ఎట్లా అల్లుకుని ఉందో, లోపలి కొల్లాజెన్ పోగులు ఎంత సాగుతాయో, పాత పగుళ్లు పూడాయో లేదో దానికి తెలియదు. అదంతా బొక్క నాణ్యత. ఈ రెండూ ఒకటి కాదని చెప్పడానికి ఫ్లోరైడ్‌ను మించిన రుజువు లేదు.

ఒకప్పుడు అమెరికాలో ఫ్లోరైడ్‌నే బొక్కల మందుగా వాడి చూశారు. 1990లో అచ్చయిన పరీక్షలో ముట్లుడిగిన 202 మంది స్త్రీలలో సగం మందికి రోజుకు 75 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్ ఇచ్చారు. నాలుగేండ్లలో వెన్ను సాంద్రత 35 శాతం పెరిగింది. ఏ మందుకూ రానంత పెరుగుదల అది. కానీ వెన్నుపూసలు విరగడం చెప్పుకోదగ్గట్టు తగ్గలేదు, మిగతాచోట్ల విరగడం దాదాపు మూడింతలైంది. వాళ్లు కోరి మింగిన దాన్ని మనవాళ్లు తెలియక నీళ్లలో తాగారు. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, మన భారతీయ ప్రమాణం 1 మిల్లీగ్రామే మంచిదంటుంది. మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి, చండూరు బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేదని ఇక్కడి పిల్లల పంటి మచ్చలే చెప్పేవి. ఫ్లోరైడ్‌తో వచ్చే జబ్బు పేరు ఫ్లోరోసిస్, నల్గొండలో దాని మీద 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చింది. ఆ తర్వాత కూడా ఒక తరం పూర్తిగా అవే నీళ్లు తాగింది, అదే నాకు కడుపు మండే సంగతి.

కాల్షియం సరిపోని ఒంట్లో ఫ్లోరైడ్ ఇంకో రూపం చూపుతుంది. 1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ఫ్లోరోసిస్ ఊర్లలో మోకాళ్లు లోపలికి వంగిపోయిన పిల్లలను చూసి, వాళ్ల బొక్కలు ఒకచోట గట్టిపడి ఇంకోచోట గుల్లబారి ఉన్నాయని లాన్సెట్‌లో రాశారు. వెన్ను బరువెక్కుతుంది, చేతుల కాళ్ల బొక్కలు పలచబడతాయి. కాబట్టి ఫ్లోరైడ్ ఊరి మనిషికి ఒక్క వెన్ను స్కోరు చూసి "మీకేం లేదమ్మా" అంటే నమ్మొద్దు. తుంటి, ముంజేయి కూడా కొలవమనాలి. ముంజేయి ఎక్స్‌రేలో రెండు బొక్కల మధ్య పొర ముండ్లలాగా గట్టిపడి కనబడితే అది ఫ్లోరోసిస్ గుర్తు. అమ్మకు కనబడింది.

షుగర్ ఉన్నవాళ్లకూ ఇట్లాంటి మోసమే జరుగుతుంది. చక్కెర కొల్లాజెన్ పోగులకు అంటుకుని వాటిని పెళుసు చేస్తుంది. అందుకే టైప్ 2 షుగర్ ఉన్నవాళ్లకు స్కోరు బాగున్నా విరిగే ముప్పు ఎక్కువ.

లోపల నడిచే మాటలు

మందులు అర్థం కావాలంటే బొక్క లోపలి పని కొంచెం తెలియాలి. బొక్క నిలిచి ఉన్న రాయి కాదు. పెద్దవాళ్ల ఒంట్లో ఏటా సుమారు 10 శాతం బొక్క కూలిపోయి, మళ్లీ కొత్తగా కట్టుకుంటుంది. పాలమూరు కూలీలకు తెలియని పని కాదిది. ముందు పాతగోడ పడగొట్టే మనుషులు వస్తారు, వాళ్లు ఆస్టియోక్లాస్టులు. వెనకాలే కట్టే మేస్త్రీలు వస్తారు, వాళ్లు ఆస్టియోబ్లాస్టులు. కట్టిన మేస్త్రీల్లో కొందరు అదే గోడలో మిగిలిపోయి కాపలా కాస్తారు, వాళ్లు ఆస్టియోసైట్లు. బొక్క కణాల్లో 90 శాతానికి పైగా ఈ కాపలావాళ్లే.

వీళ్లు ప్రోటీన్లతో మాట్లాడుకుంటారు. "పడగొట్టేటోళ్లు రండి" అనే కేక పేరు ర్యాంక్‌ఎల్. ఆ కేక చెవిన పడకుండా దారిలోనే పట్టేసేది ఓపీజీ అనే ఇంకో ప్రోటీన్. 1990ల చివర్లో ఈ రెండూ దొరికినంక బొక్కల వైద్యం తీరే మారిపోయింది. మేస్త్రీలను పనికి పురమాయించేది వింట్ అనే సంకేతం. "ఇక చాలు, ఆపండి" అని దాన్ని అడ్డుకునేది కాపలావాళ్లు వదిలే స్క్లెరోస్టిన్. బరువు మోస్తే, నడిస్తే స్క్లెరోస్టిన్ తగ్గుతుంది, మంచాన పడితే పెరుగుతుంది. ముసలితనంలో నడక మానిన మనిషి బొక్కలు కరిగిపోవడానికి ఒక కారణం ఇదే.

ముట్లు ఆగినంక ఈస్ట్రోజెన్ తగ్గి ర్యాంక్‌ఎల్ కేక పెద్దదవుతుంది. వయసుతో రక్తంలో స్క్లెరోస్టిన్ కూడా పెరుగుతుంది. ముసలి కణాలు వదిలే వాపు సంకేతాలు అగ్గికి ఆజ్యం పోస్తాయి. మూలుగలో మేస్త్రీలు కావాల్సిన మూలకణాలు కొవ్వు కణాల వైపు మళ్లుతాయి.

ఇప్పుడు మందులన్నీ రెండు జాతులుగా కనబడతాయి. పడగొట్టేవాళ్లను ఆపేవి ఒకటి, కట్టేవాళ్లను లేపేవి ఇంకొకటి. మీ ఇంటి మనిషికి పోయింది ఏది, పడగొట్టుడు ఎక్కువైందా, కట్టుడు ఆగిందా? డాక్టరు దగ్గర అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

వారం గోలీ, ఏడాది సెలైన్

అలెండ్రోనేట్ గోలీ 1995 నుంచి ఉంది, వారానికి ఒక్కటి, 70 మిల్లీగ్రాములు. జోలెడ్రోనిక్ యాసిడ్ అదే జాతి మందు, ఏడాదికోసారి 5 మిల్లీగ్రాములు సెలైన్‌లాగా ఎక్కిస్తారు. ఇవి బొక్కకు అతుక్కుని ఉండి, పడగొట్టే కణం బొక్కను కొరికినప్పుడు దాని కడుపులోకి పోతాయి. అక్కడ ఒక ఎంజైమును ఆపేస్తాయి. ఆ ఎంజైము లేకుంటే కణం లోపల వార్తలు మోసే చిన్న ప్రోటీన్లు తమ చోటికి చేరలేవు, కణం పని మానేస్తుంది.

గోలీ చవక, ఏ ఊరి మందుల దుకాణంలోనైనా తెప్పించుకోవచ్చు. కానీ మింగే తీరు కఠినం. పొద్దున్నే పరగడుపున, నిండు గ్లాసు మంచినీళ్లతో మింగాలి. అరగంట కూర్చోవాలి లేదా నిలబడాలి, పడుకోవద్దు. చాయ్, పాలు, కాల్షియం గోలీ అన్నీ ఆ తర్వాతే. చాయ్‌తో కలిపి మింగితే మందు ఒంటికి పట్టదు, పడుకుంటే గొంతు కింద గొట్టం కాలుతుంది. నడుం నిలబెట్టి కూర్చోలేని మనిషికి, ఛాతీమంట ఉన్న మనిషికి ఈ గోలీ ఇవ్వొద్దు.

సెలైన్‌కు ఆ బాధ లేదు. 2007లో అచ్చయిన పరీక్షలో మూడేండ్లలో వెన్నుపూసలు విరగడం 70 శాతం, తుంటి విరగడం 41 శాతం తగ్గింది. మొదటిసారి ఎక్కించినంక చాలామందికి ఒకటి రెండు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు వస్తాయి. నీళ్లు బాగా తాగి పారాసిటమాల్ వేసుకుంటే తగ్గుతాయి. అసలు జాగ్రత్త మూత్రపిండాలది. వాటి వడపోత నిమిషానికి 35 మిల్లీలీటర్లకు కింద ఉంటే ఇది ఇవ్వరు. విటమిన్ డి తక్కువగా ఉన్నప్పుడు ఎక్కిస్తే కాల్షియం పడిపోతుంది. పుచ్చు పండ్లు ఉంటే ముందే పీకించుకోవాలి, ఎందుకంటే అరుదుగా దవడ బొక్క చచ్చుబడుతుంది. ఏండ్ల తరబడి వాడితే తొడ బొక్క వింతగా విరగడం కూడా అరుదుగా ఉంది. అందుకే గోలీ ఐదేండ్లకు, సెలైన్ మూడేండ్లకు ఆగి, ముప్పు మళ్లీ లెక్కేసుకుంటారు. ఈ జాతి మందుల మేలు ఏందంటే, ఆపినా బొక్కలో మిగిలి కొన్నాళ్లు కాపాడతాయి. మరిచిపోయే మనిషికి, దూరాన ఉన్న ఊరికి ఇది చిన్న మేలు కాదు.

ఆరు నెలల సూది, దాని గడువు

డెనోసుమాబ్ అనేది ఓపీజీ చేసే పనినే చేస్తుంది, ర్యాంక్‌ఎల్ కేకను నేరుగా పట్టేస్తుంది. ఆరు నెలలకోసారి చర్మం కింద సూది, 60 మిల్లీగ్రాములు. 7,868 మంది స్త్రీల మీద చేసిన పరీక్షలో మూడేండ్లకు వెన్ను విరగడం 68 శాతం, తుంటి విరగడం 40 శాతం తగ్గింది. మూత్రపిండాలు కొంత బలహీనంగా ఉన్నా ఇవ్వొచ్చని మొదట్లో అందరూ దీనివైపు మొగ్గారు. కానీ డయాలసిస్ దాకా పోయినవాళ్లలో కాల్షియం ప్రమాదకరంగా పడిపోతుందని అమెరికా మందుల సంస్థ 2024 జనవరిలో గట్టి హెచ్చరిక పెట్టింది.

ఈ సూది గురించి నేను గొంతెత్తి చెప్పేది ఒకటుంది. దీన్ని ఉన్నట్టుండి ఆపొద్దు. మందు బొక్కలో మిగలదు. ప్రభావం దిగిపోగానే అణిచిపెట్టిన కేక ఒక్కసారి పైకి లేస్తుంది. సంపాదించిన సాంద్రత ఏడాది రెండేండ్లలో కరిగిపోతుంది, కొందరికి ఒకదాని వెనక ఒకటి వెన్నుపూసలు అణిగిపోతాయి. మా కాలనీలో ఒక పెద్దమ్మ నాలుగు సూదులు వేయించుకుని "నొప్పి తగ్గింది గద" అని మానేసింది. తొమ్మిది నెలలకు మూడు పూసలు పోయినయి. ఆపితే ఇట్లా అవుతుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆపాల్సి వస్తే, చివరి సూది తర్వాత ఆరు నెలలకు జోలెడ్రోనిక్ వంటిది పెట్టి కాపాడుకోవాలి. సూది తేదీ క్యాలెండరు మీద గుండ్రంగా చుట్టి, పిల్లల ఫోన్లలో పెట్టుకునే ఇల్లయితేనే దీన్ని మొదలుపెట్టండి. కొడుకు హైదరాబాద్‌లో, కోడలు బెంగళూరులో, ముసలామె దేవరకొండ అవతలి తండాలో ఒక్కతే ఉంటే, నా మాటగా వద్దంటాను.

కట్టేవాళ్లను లేపే మందులు

టెరిపారాటైడ్ మన మెడలోని చిన్న గ్రంథులు వదిలే పారాథైరాయిడ్ హార్మోనులోని మొదటి 34 అమైనో ఆమ్లాల ముక్క. ఈ హార్మోను ఒంట్లో ఎప్పుడూ ఎక్కువగా ఉంటే బొక్క కరుగుతుంది, రోజుకోసారి కాసేపు పెరిగి తగ్గితే బొక్క పెరుగుతుంది. అదే మనిషి రోజంతా అరిస్తే పని చెడుతుంది, పొద్దున ఒకసారి పిలిస్తే కూలీలు లేస్తారు, అట్లాంటిదే. రోజూ పెన్ను సూది, 20 మైక్రోగ్రాములు, మామూలుగా రెండేండ్లు. ఫ్రిజ్‌లో పెట్టాలి. ఎండాకాలంలో కరెంటు పోయే ఊర్లలో ఇది ఆలోచించాల్సిన సంగతి. ఇక్కడ తయారయ్యేవి ఉన్నా నెలనెలా ఖర్చు గోలీకి ఎన్నో రెట్లు. కోర్సు అయినంక వెంటనే పడగొట్టుడు ఆపే మందు మొదలుపెట్టకపోతే కట్టింది నిలవదు.

రోమోసోజుమాబ్ స్క్లెరోస్టిన్ నోరు మూస్తుంది. స్క్లెరోస్టిన్ పుట్టుకతోనే లేని కొన్ని కుటుంబాల బొక్కలు అసాధారణంగా మందంగా ఉన్నాయని గమనించి ఈ దారి కనిపెట్టారు. నెలకోసారి చొప్పున ఏడాది, అంతే. గత ఏడాదిలో గుండెపోటు గానీ పక్షవాతం గానీ వచ్చినవాళ్లకు వద్దు. అలెండ్రోనేట్‌తో పోల్చిన పరీక్షలో మొదటి ఏడాది తీవ్రమైన గుండె సమస్యలు దీనిలో 2.5 శాతం, దానిలో 1.9 శాతం.

కంపెనీల కాగితాల మీద శాతాలు చూసి ఏది గొప్పదో తేల్చొద్దు. 70, 68 అనేవి ఉత్తుత్తి మందుతో పోల్చిన లెక్కలు, వేరువేరు మనుషుల మీద చేసినవి. ఎదురెదురు పెట్టి చూసినవి కొన్నే ఉన్నాయి, వాటికే బరువు ఇవ్వాలి. టెరిపారాటైడ్‌ను అలెండ్రోనేట్ జాతిదే అయిన రైసెడ్రోనేట్ గోలీతో పోల్చి 2018లో ప్రకటించిన పరీక్షలో రెండేండ్లకు కొత్తగా వెన్ను విరిగినవాళ్లు 5.4 శాతం, గోలీ వైపు 12 శాతం. రోమోసోజుమాబ్ ఏడాది వేసి తర్వాత అలెండ్రోనేట్ ఇచ్చినవాళ్లలో 6.2 శాతం, మొదటి నుంచీ అలెండ్రోనేట్ ఒక్కటే వాడినవాళ్లలో 11.9. అంటే ఇప్పటికే పూసలు విరిగి, ముప్పు మీదికి వచ్చిన మనిషికి ముందు కట్టించి తర్వాత కాపాడటమే మేలు.

బొక్క మీద ఈస్ట్రోజెన్ లాగా పనిచేసే రాలోక్సిఫీన్ గోలీ వెన్నును కాపాడుతుంది, తుంటిని కాపాడినట్టు తేలలేదు. కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు కూడా ఉంది. అరవై దాటినవాళ్లకు నేను దీని పేరు ఎత్తను. ముసలి కణాలను ఊడ్చేసే మందులని ఈమధ్య వినబడుతున్నాయి. ఎలుకల్లో ఆశ పుట్టించాయి, కానీ ముట్లుడిగిన 60 మంది స్త్రీల మీద చేసి 2024లో ప్రకటించిన పరీక్షలో బొక్క కరగడం తగ్గుతుందన్న ఆశ తీరలేదు. ఆ పరీక్షలో వాడిన మందుల్లో ఒకటైన క్వెర్సెటిన్ డబ్బాలకు పైసలు పెట్టకండి.

మా ఇంట్లో, చిన్నమ్మ ఇంట్లో

అమ్మ రక్తపరీక్షల్లో విటమిన్ డి బాగా తక్కువ, పారాథైరాయిడ్ హార్మోను ఎక్కువ వచ్చాయి. ఫ్లోరోసిస్‌లో ఇట్లా పెరగడం మన దేశంలో 1970ల నుంచే రాసిపెట్టి ఉంది. ఫ్లోరైడ్ మేస్త్రీలను ఊరికే రెచ్చగొడుతుంది, వాళ్లు కట్టే గోడకు కాల్షియం కావాలి, తిండిలో అది లేకపోతే ఒళ్లు హార్మోను పెంచి ఇంకోచోటి నుంచి తోడుకొస్తుంది. హైదరాబాద్‌లో చూసిన హార్మోన్ల డాక్టరు అన్న మాట నాకు గుర్తుండిపోయింది: "అమ్మకు కట్టుడు తక్కువై కాదు, తప్పుగా కట్టుడు ఎక్కువై ఇట్లయింది. ఆ హార్మోను ఇప్పటికే ఎక్కువుంటే పైనుంచి ఇంకా ఇవ్వం." టెరిపారాటైడ్ అక్కడే పక్కకు పోయింది. కాల్షియం పడిపోయే భయం, తేదీ తప్పే భయం కలిసి డెనోసుమాబ్‌నూ వద్దనుకున్నాం. మూడు నెలలు విటమిన్ డి, కాల్షియం ఇచ్చి, హార్మోను దిగినంక, మూత్రపిండాలు బాగున్నాయని చూసుకుని జోలెడ్రోనిక్ ఎక్కించారు. ఫ్లోరైడ్ ఊర్లో అసలు పెద్ద ఎంపిక ఈ వరుసే. ఏ మందుకైనా ముందు కాల్షియం, విటమిన్ డి, పారాథైరాయిడ్ హార్మోను, బొక్క కట్టుడు వేగం చెప్పే ఆల్కలైన్ ఫాస్ఫటేస్, మూత్రపిండాల పని చెప్పే క్రియాటినిన్ చూడాలి. చూడకుండా సూది పొడిచే చోటు నుంచి లేచి రండి.

మహబూబ్‌నగర్ దగ్గర మా చిన్నమ్మ కథ వేరు. కీళ్లవాతానికి ఊరి వైద్యుడు ఇచ్చిన పొట్లాల్లో స్టెరాయిడ్ ఉందని ఆరేండ్లకు తెలిసింది. స్టెరాయిడ్ రెండు దిక్కులా కొడుతుంది. ర్యాంక్‌ఎల్‌ను పెంచి ఓపీజీని తగ్గిస్తుంది, మేస్త్రీలను చంపుతుంది. అట్లా కట్టుడు ఆగినవాళ్లకు కట్టించే మందే సరైంది. స్టెరాయిడ్ వాడుతున్న 428 మంది మీద చేసిన పోలికలో 18 నెలలకు వెన్ను విరగడం టెరిపారాటైడ్ వైపు 0.6 శాతం, అలెండ్రోనేట్ వైపు 6.1 శాతం. చిన్నమ్మకు పెన్ను సూది మొదలైంది, ఖర్చు ముగ్గురు అక్కచెల్లెండ్ల పిల్లలం పంచుకున్నాం. స్టెరాయిడ్‌ను మాత్రం ఒక్కసారే బంద్ పెట్టొద్దు, ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

ఏ మందు ఎంచుకున్నా నీళ్లు మార్చకపోతే పోసిందంతా ఓటికుండలోకే. భగీరథ నల్లా వచ్చినంక కూడా కొన్ని ఇండ్లలో తాగడానికే ఆ నీళ్లు వాడి, చాయ్‌కి, అన్నానికి, పప్పుకు బోరు నీళ్లు పోస్తున్నారు. ఉడికినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు, నీరు ఇగిరేకొద్దీ చిక్కబడుతుంది. నల్ల ఉప్పు, కడక్ చాయ్ కూడా తగ్గించాలి. చింతపండు తింటే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువ పోతుందని జాతీయ పోషకాహార సంస్థవాళ్లే పిల్లల్లో చూశారు, కాబట్టి పచ్చిపులుసు మానాల్సిన పనిలేదు. ముట్లుడిగిన స్త్రీకి రోజుకు 1,200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. మన జొన్న రొట్టెలో అది తక్కువ. 100 గ్రాముల రాగుల్లో 350 పైన ఉంటుంది, నువ్వుల్లో ఇంకా ఎక్కువ. అమ్మ ఇప్పుడు పొద్దున రాగి అంబలి తాగుతుంది, రొట్టె మీద నువ్వుల పొడి చల్లుకుంటుంది, మధ్యాహ్నం పెరుగు తింటుంది. సాయంత్రం నా చెయ్యి పట్టుకుని కాలనీ రెండు చుట్లు తిరుగుతుంది. వంగి బిందె ఎత్తడం మాన్పించాను. వచ్చే ఫిబ్రవరిలో రెండో సెలైన్, దానికి పదిహేను రోజుల ముందు క్రియాటినిన్, విటమిన్ డి మళ్లీ చూపించాలి. తేదీలు తలుపు వెనక సున్నం గోడ మీద బొగ్గుతో అమ్మే రాసుకుంది.